మంచుపై జారు పలకలు

వికారాబాదు దాటి అనంతగిరి గుట్టలెక్కు మార్గమును మీలో పెక్కుమంది చూచియే యుందురు. చెట్లనీడల నడుమ ఆ బాట పామువలె మెలికలు తిరుగుచు పోవును. సైకిలుపై ఆ గుట్ట దిగు బాలుని ఒకమారు గమనింపుడు. మలుపు సమీపింపగానే అతడు తనంతట తాను లోపలి వైపునకు ఒరుగును. ఒరుగక నిటారుగా కూర్చుండినచో బాట వెలుపలికి పోయి పడును. తాండూరునుండి వికారాబాదునకు రైలులో వచ్చునప్పుడును ఈ ధర్మమే పనిచేయుచుండును. పట్టాలు వంపు తిరుగు చోట వెలుపలి పట్టాను లోపలి పట్టాకంటె కొంచెము ఎత్తుగా అమర్చుదురు. బండి లోపలికి ఒరిగి క్షేమముగా వంపు దాటును.

ఈ సామాన్య ధర్మమును ఆధారముగా గొని, మంచుకొండలపై మెరుపువలె జారిపోవు మనుష్యులు కలరు. వారి పాదములక్రింద నుండు సాధనమును గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

2022 ఫిబ్రవరిలో చైనా రాజధానియైన బీజింగులో శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఆ దినములలో మా పొరుగింటి బాలిక ఒకతె సెల్‌ఫోను తెచ్చి, అందులోని దృశ్యము నొకదానిని నాకు చూపెను. నిట్టనిలువు వంటి మంచువాలుపై ఒక ఆటగాడు వంపులు తిరుగుచు దిగుచున్నాడు. ప్రతి వంపులోను అతని దేహము నేలను తాకునంతగా ఒరుగుచున్నది. "సార్! ఇంతగా వాలిపోయినా ఈయన ఎందుకు పడిపోడు?" అని ఆమె అడిగెను. నేను జీవితమంతయు పద్యములును వ్యాకరణమును చెప్పినవాడను. ఆ ప్రశ్నకు నాడు నాయొద్ద సమాధానము లేకుండెను. తెలియని దానిని తెలిసినట్లు చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గాన, కొంత గడువు కోరి, చదివి తెలిసికొంటిని. ఆ తెలిసికొన్న సంగతియే ఇది.

మంచుపై జారుటకై రెండు పాదములకు కట్టుకొను పొడవైన పలకలను స్కీలందురు. ఇవి వినోదమునకై పుట్టినవి కావు. శీతల దేశములలో ఆరేసి నెలలు నేలపై మంచు పేరుకొనియుండును. అందులో కాలిడినచో మోకాలివరకు దిగబడును. వెడల్పైన పలకను పాదమునకు కట్టుకొన్నచో దేహభారము విశాలమైన చోటుపై పరచుకొని మనిషి మునుగకుండును. వేటకును ప్రయాణమునకును వేలయేండ్లనాడే జనులు దీనిని వాడిరి. స్వీడను దేశములో కాల్వ్‌ట్రాస్క్ అను చోట దొరికిన ఒక కొయ్య స్కీ సుమారు 5,200 సంవత్సరముల నాటిదని పండితులు నిర్ణయించిరి.

ఆ పురాతనపు పలకలు సూటిగా పోవుటకు పనికివచ్చినవి గాని, తిరుగుట కష్టముగా నుండెను. 19వ శతాబ్దిలో నార్వే దేశపు టెలిమార్క్ ప్రాంతమున సోంద్రె నూర్‌హైమ్ అను పేదరైతు ఉండెను. అతడు మడమను చుట్టి బిగియు కట్టును, నడుము సన్నముగా నున్న పలకను వాడి, మంచుపై వంపులు తిరుగు నేర్పును లోకమునకు చూపెను. 1868లో ఆ దేశపు రాజధానిలో జరిగిన పోటీలో అతని నైపుణ్యమును జనులు చూచి ఆశ్చర్యపడిరి. 1926లో ఆస్ట్రియా దేశీయుడగు రుడాల్ఫ్ లెట్నర్ కొయ్య పలక అంచులకు ఉక్కు ముక్కలను బిగించు పద్ధతికి హక్కుపత్రము పొందెను. గట్టిపడిన మంచుపై కొయ్య అంచు జారిపోవును. ఉక్కు అంచు పట్టు నిలుపును. 1950 ప్రాంతమున, విమాన నిర్మాణశాలలో పనిచేసిన హోవర్డ్ హెడ్ అను అమెరికా దేశీయుడు లోహపు రేకుల నడుమ కొయ్యను అతికి తేలికైన పలకలను తయారుచేసెను. ఇట్లు పలక దినదినము మెరుగుపడుచు వచ్చెను.

అయినను 1990 ప్రాంతమువరకు స్కీ పలకలు చాలవరకు సన్నగా, పొడవుగా, ఇంచుమించు తిన్ననై యుండెను. రెండు మీటర్ల పొడవుగల పలకలను వాడుట గొప్పగా నెంచెడివారు. 1993లో స్లొవేనియా దేశమునందలి ఎలాన్ అను కర్మాగారము విపరీతముగా నడుము సన్నమైన పలకను విపణిలో ప్రవేశపెట్టెను. తొలుత కొందరు దానిని చూచి నవ్విరి. కొలది సంవత్సరములలోనే లోకమందలి స్కీ కర్మాగారము లన్నియు ఆ మార్గమునే పట్టినవి. ఆ ఆకారములో నున్న మహిమ యేమి?

ఒక చిన్న ప్రయోగము చేసి చూడుడు. ఒక మందపాటి అట్టను జానెడు పొడవు, రెండంగుళముల వెడల్పు గల ముక్కగా కత్తిరింపుడు. దాని రెండు ప్రక్కలను నడుమ లోపలికి వంపు వచ్చునట్లు కత్తిరింపుడు. అది మన ఢమరుకమును సాగదీసినట్లుండును. ఇప్పుడు దానిని బల్లపై ఒక అంచున ఏటవాలుగా నిలుపుడు. రెండు కొనలు మాత్రమే బల్లను తాకును. నడుము గాలిలో నుండును. నడుమును వ్రేలితో మెల్లగా అదుముడు. అట్ట వంగి, అంచంతయు బల్లకు ఆనుకొనును. ఆ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీయుడు. అట్టను తీసి చూచిన, ఆ గీత తిన్ననిది కాదు. అది వృత్తములోని ఒక ఖండము. స్కీ పలక మంచుపై చేయు పని సరిగా ఇదియే. ఆటగాడు పలకను ఒరిగించును. దేహభారము దానిని వంచును. వంగిన అంచు తానే మంచులో ఒక వంపు గీతను గీయుచు, ఆ గీతవెంటనే సాగిపోవును.

ఈ విధముగా తిరుగుటను కార్వింగు అందురు. చెక్కుట అని ఆ మాటకు అర్థము. తాండూరు ప్రాంతపు నాపరాళ్లను పనివారు ఉలితో గీటుపెట్టి కోయుట మీరు చూచియుందురు. ఉలి మొన గీటు దాటి అటునిటు జరిగినచో రాయి చెడును. అట్లే మంచి ఆటగాని పలక అంచు తాను గీసిన గీతను విడువదు. అతడు పోయిన పిదప మంచుపై రైలుపట్టాలవలె రెండు సన్నని గీతలు మాత్రమే మిగులును. నేర్పులేనివాని పలక ప్రక్కకు ఒరసికొనిపోవును; మంచు చీపురుతో ఊడ్చినట్లు చెదరును; వేగమును పట్టును నశించును.

లెక్కలు మీకు ఇష్టమైనచో ఇంకొక అడుగు ముందునకు పోవుదము. ఒక స్కీ పలక ముందుభాగము 118 మిల్లీమీటర్లు, నడుము 68 మిల్లీమీటర్లు, తోక 98 మిల్లీమీటర్ల వెడల్పు గలదనుకొందము. ముందు వెనుకల సగటు 108. నడుముకంటె ఇది 40 మిల్లీమీటర్లు ఎక్కువ. అనగా ఒక్కొక్క ప్రక్క నడుము 20 మిల్లీమీటర్లు, లేక 0.02 మీటరు, లోపలికి వంగియున్నది. వెడల్పైన రెండు చోట్ల నడుమ దూరము 1.5 మీటర్లు. ఆ దూరము వర్గమును వంపు లోతునకు ఎనిమిది రెట్లయిన సంఖ్యచే భాగించిన, వృత్త వ్యాసార్ధము ఇంచుమించుగా వచ్చును. 2.25ను 0.16చే భాగింపగా సుమారు 14 మీటర్లు వచ్చినది.

ఇక పూర్వపు పలకను చూడుడు. ముందు 88, నడుము 68, తోక 78 మిల్లీమీటర్లు. నడుమ దూరము 1.85 మీటర్లు అనుకొందము. అదే లెక్క ప్రకారము వ్యాసార్ధము 57 మీటర్లగును. అంత పెద్ద వృత్తముపై తిరుగుటకు విశాలమైన కొండయంతయు కావలెను. కనుకనే నాటివారు పలకను బలవంతముగా ప్రక్కకు త్రోసి తిప్పవలసి వచ్చెడిది.

పలకను ఒరిగించినకొలది వృత్తము చిన్నదగును. 14 మీటర్ల పలకను 45 డిగ్రీలు ఒరిగించిన వృత్త వ్యాసార్ధము సుమారు 10 మీటర్లగును. 60 డిగ్రీలు ఒరిగించిన 7 మీటర్లే యగును. అందువలన ఒకే పలకతో పెద్ద వంపును, చిన్న వంపును గూడ గీయవచ్చును. ఎంత ఒరుగవలెనను నిర్ణయము ఆటగానిది.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. ఆ వేగముతో 10 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తముపై తిరుగు ఆటగానిని, వెలుపలికి త్రోయుచున్నట్లు తోచు బలము ఇంచుమించు అతని బరువుతో సమానమగును. ఒకటి క్రిందికి, ఒకటి ప్రక్కకు, రెండును సమానము. ఆ రెంటి కలయిక సరిగా 45 డిగ్రీల ఏటవాలున పనిచేయును. ఆటగాడు గూడ 45 డిగ్రీలు ఒరిగినచో ఆ కలయిక బలము అతని దేహముగుండ సూటిగా పలక అంచులోనికి దిగును. అందువలననే అతడు పడిపోడు. ఒరుగకున్ననే పడిపోవును! కొండవాలును లెక్కలోనికి తీసికొన్నచో సంఖ్యలు కొంత మారును గాని ధర్మము మారదు.

అయితే ఇందులో ఒక మూల్యము కలదు. ఆ వంపులో 50 కిలోల బాలుని కాళ్లపై సుమారు 70 కిలోల భారము పడినట్లుండును. వేగమును రెట్టింపు చేసి, అదే వృత్తముపై తిరుగబోయినచో, ప్రక్క బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. అప్పుడు ఆ కాళ్లు 200 కిలోలకు మించిన భారమును మోయవలెను. వేగము ఎంత పెరిగిన ప్రమాదము అంతే పెరుగునని తలచుట పొరపాటని ఈ లెక్క తెలుపుచున్నది. అందుచేతనే అంతర్జాతీయ పోటీల నిర్వాహకులు కొన్ని పందెములలో మిక్కిలి వంపుగల పలకలను నిషేధించిరి. పురుషుల జెయింట్ స్లాలమ్ ప్రపంచ పోటీలలో పలక వంపు వ్యాసార్ధము 30 మీటర్లకు తగ్గరాదు.

ఇంతటి భారమును సహించుటకు పలక నిర్మాణము గూడ దృఢమై యుండవలెను. నడుమ తేలికయు గట్టితనమును గల కొయ్య యుండును. దానికి పైనను క్రిందను అల్యూమినియము మిశ్రలోహపు పలుచని రేకులును, గాజునార పొరలును జిగురుతో అతికి, వేడిలో అదుముదురు. అడుగున నునుపైన ప్లాస్టిక్ పొరయు, రెండు ప్రక్కల ఉక్కు అంచులును ఉండును. మెలిపెట్టినచో మెలితిరుగని పలకయే గట్టి మంచుపై పట్టు నిలుపును. మెలితిరిగినచో కొనలు మంచును విడిచి జారిపోవును. పలకను నేలపై ఉంచినప్పుడు దాని నడుము కొంచెము పైకి లేచియుండును. లారీక్రింది కమానుకట్టలను తలచుకొనుడు. బరువు పడినప్పుడు వంగి, బరువు తీసినప్పుడు ఎగురునట్లు, ఈ పలక గూడ ఒక వంపు చివర ఆటగానిని ఎగయజేసి తరువాతి వంపులోనికి పంపును.

అంచును పదును పెట్టుట ఒక విద్య. ఆకురాయితో, వజ్రపుపొడి అద్దిన పలకలతో ఉక్కు అంచును 90 డిగ్రీలకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ కోణమునకు తెత్తురు. కోతకు పోవు రైతు ముందుగా కొడవలికి కక్కు పెట్టించుకొనునట్లు, నిజమైన ఆటగాడు పందెమునకు ముందు తన అంచులను తానే పరీక్షించుకొనును. అడుగుపొరకు ఆనాటి మంచు చలిని బట్టి తగిన మైనము పూయుదురు.

ఇట్టి పలకలు అన్ని కొండలకును పనికిరావు. మెత్తని లోతుమంచులో సన్నని నడుము మునిగిపోవును. వీనికి చదును చేసిన వాలు కావలెను. మన రైతు దున్నిన చేనిపై గుంటక తోలి, కందులు విత్తుటకు నేలను సమము చేయుట మీకు తెలిసినదే. మంచుకొండలపైనను అట్లే జరుగును. ఎక్కువగా రాత్రివేళ, గొలుసులవంటి పట్టీలపై నడచు పెద్ద యంత్రములు వాలు ఎక్కి దిగుచు, ముందున్న పారతో గుట్టలను త్రోసి, వెనుకనున్న తిరుగు పండ్లతో గడ్డలను చితుకగొట్టి, సన్నని చాళ్లు తీర్చిపోవును. తెల్లవారుసరికి వాలంతయు కొత్తగా దున్నిన కందిచేనువలె సమముగా నుండును. ఆ గట్టి నేలపైననే ఉక్కు అంచు తన పని చూపగలదు.

ఇంత మంచి సాధనమును మొదటనే కొనితెచ్చి కట్టుకొన్నచో త్వరగా నేర్చుకొనవచ్చును గదా యని మీకు తోచవచ్చును. అది సరికాదు. ఈ గట్టి పలక వంగుటకు వేగమును బలమును కావలెను. కొత్తవాని మెల్లని నడకకు అది వంగదు, వంగనిచో తిరుగదు, సూటిగా క్రిందికి పరుగెత్తును. లేదా, అతడు ఎదురుచూడని క్షణమున పదునైన అంచు మంచును పట్టుకొని, కాలిని ఒక వైపునకును దేహమును మరొక వైపునకును లాగును. మోకాలి లోపలి నరములవంటి బంధములు తెగుట ఈ ఆటలో తరచు కలుగు గాయము. కనుకనే కొత్తవారికి పొట్టివై, మెత్తగా వంగు పలకలను ఇత్తురు. పాదరక్షను పలకకు బిగించు కట్టు గూడ, మితిమీరిన బలము పడినప్పుడు దానంతట అది విడిపోవునట్లు చేయబడియున్నది. మనిషి బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు, పాదరక్ష పొడవు చూచి, ఎంత బలమునకు విడిపోవలెనో తెలిసినవారు అమర్చుదురు. తలకు శిరస్త్రాణము ధరించుట ఆవశ్యకము.

సాధనము కంటెను ముఖ్యమైనది ప్రవర్తన. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో ఈ ఆటకు పది నడవడి నియమములను ఏర్పరచెను. ఇతరులకు హాని కలుగనీయకుండుట, చూపు ఆనినంతలో నిలుపగల వేగముతోనే పోవుట, ప్రమాదము జరిగినచో ఆగి తోడ్పడుట అందులోనివే. వానిలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. వెనుకనుండి వచ్చువాడే తన ముందున్నవానికి అపాయము లేని దారిని ఎన్నుకొనవలెను. వాలుపై వెనుకనుండి వచ్చువాడనగా సాధారణముగా పైనున్నవాడు. అతనికి క్రిందివాడు కనబడును; క్రిందివానికి అతడు కనబడడు. చూడగలవానిదే బాధ్యత. క్రిందివాడు తడబడు పసివాడైనను, వాని తప్పును ఎంచుటకు పైనున్న నేర్పరికి హక్కులేదు. మన బాటలపై బండి నడుపువారికి గూడ ఈ నియమము వర్తించిన ఎన్ని ప్రాణములు నిలుచునో ఆలోచింపుడు.

మన దేశములోను ఈ విద్యకు స్థానము కలదు. కాశ్మీరములోని గుల్మార్గు, ఉత్తరాఖండములోని ఔలీ ప్రసిద్ధమైన స్కీ స్థలములు. గుల్మార్గులో 1968లో స్కీయింగును పర్వతారోహణమును నేర్పు జాతీయ సంస్థ ఏర్పడెను. 1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున జరిగిన శీతకాల ఒలింపిక్ క్రీడలలో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశము పక్షమున తొలిసారిగా స్కీ పందెములో పాల్గొనెను. 2018లో హిమాచల ప్రదేశమునకు చెందిన ఆంచల్ ఠాకుర్ టర్కీలో జరిగిన పోటీలో కాంస్యపతకము గెలిచి, స్కీయింగులో అంతర్జాతీయ పతకము పొందిన తొలి భారతీయురాలయ్యెను. బీజింగు క్రీడలలో కాశ్మీర యువకుడు ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్ పందెమున 45వ స్థానము పొందెను. ఆ స్థానము చిన్నదని తలపకుడు. ఆ పందెమున పెక్కుమంది గమ్యమే చేరలేకపోయిరి.

అయితే మంచు గూడ ఒక సంపద, అది తరుగుచున్నది. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గులో జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు తగినంత మంచు లేనందున వాయిదాపడి మార్చిలో జరిగెను. వర్షము తప్పినప్పుడు తాండూరు కందిరైతునకు కలుగు చింత, మంచు తప్పినప్పుడు ఆ కొండలవారికిని కలుగును.

నేను చదివిన దంతయు ఆ బాలికకు చెప్పి, అట్టముక్కతో ప్రయోగము చేసి చూపితిని. ఆమె అట్టను ఎక్కువగా ఒరిగించి ఒకటి, తక్కువగా ఒరిగించి ఒకటి, రెండు గీతలు గీసి పోల్చి చూచెను. "అయితే సార్, తిరిగేది మనిషి కాదు, పలకే గదా!" అనెను.

"పలకయే తిరుగునమ్మా. కాని ఎంత ఒరుగవలెనో, ఎంత వేగము తగునో పలకకు తెలియదు. అది మనిషియే నేర్చుకొనవలెను" అని చెప్పితిని.

ఆమె ఆ అట్టముక్కను తన లెక్కల పుస్తకములో దాచుకొనెను. మరునాడు సాయంకాలము సైకిలుపై మా వీధి మలుపు తిరుగుచు, తాను ఎంత ఒరుగుచున్నదో తానే గమనించుకొనుచు పోవుట నేను అరుగుపైనుండి చూచితిని.